అవతలి వర్గం మృతులకు ఒక పరలోక జపం

"తాతా, వాండ్ల సమాధులు యాడుండాయి?"

ప్రొద్దుటూరు విచారణకు చెందిన తొమ్మిదేళ్ళ పిల్లవాడు నన్ను అడిగిన ప్రశ్న ఇది. అడిగిన చోటు విశాఖపట్నం సముద్రపుటొడ్డున నిలిపి ఉంచిన ఒక జలాంతర్గామి. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు ఏదో జవాబు చెప్పాను గానీ, అది నన్ను వదలకుండా మా ఊరి దాకా వెంట వచ్చింది. ఈ వారం దాని గురించి మీతో నాలుగు మాటలు పంచుకుంటాను.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల విచారణల నుండి కొన్ని కుటుంబాల వాళ్ళం కలిసి, డిసెంబరు 8న వచ్చే అమలోద్భవి మాత పండుగకు విశాఖపట్నం రాస్ హిల్ మీది మరియమాత దేవాలయానికి యాత్రగా పోయాం. పిల్లాపాపలతో కలిపి నలభైమందిమి. కడపలో రైలెక్కాం. మాలో సగం మంది సముద్రం చూడటం అదే మొదటిసారి. మనకు తెలిసిన నీళ్ళు పెన్న నీళ్ళు. గండికోట గండిలోంచి వచ్చి, మైలవరం దాటి, ప్రొద్దుటూరు పక్కగా పోయే ఆ ఏరు చివరకు నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుందని బడిలో చదువుకున్నాం. అంతకుమించి సముద్రంతో మనకు చుట్టరికం లేదు.

పండుగకు రెండు రోజులు ముందే చేరుకున్నాం గనుక పిల్లలకు ఊరు చూపించాం. వాళ్ళు మొదట అడిగింది జలాంతర్గామినే. దాని పేరు కుర్సురా. సోవియట్ రష్యాలో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరి దాకా పనిచేసింది. 2002లో దాన్ని ఇసుక మీదికి లాగి ప్రదర్శనశాలగా మార్చారు. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలో తల వంచి, కాలు ఎత్తి దూరాలి. పడకలు ఒకదాని మీద ఒకటి, అలమర అరల్లాగా ఉంటాయి. టార్పెడోలు పెట్టే చోటే మనుషులూ పడుకోవాలి. కిటికీ అన్నది లేదు.

అక్కడే ఎవరో గాజీ మాట ఎత్తారు. 2017లో వచ్చిన సినిమా మా పిల్లలందరూ టీవీలో చూసినవాళ్ళే. అందులో చూపించిన పోరాటం చాలావరకు కల్పన. జరిగింది వేరు.

గాజీ పాకిస్తాన్ జలాంతర్గామి. అమెరికా వాళ్ళు దాన్ని 1944లో తయారుచేసినప్పుడు పెట్టిన పేరు డయాబ్లో. స్పానిష్ భాషలో ఆ మాటకు పిశాచి అని అర్థం. 1964లో అది పాకిస్తాన్ చేతికి వచ్చినప్పుడు గాజీ అయింది. ఆ మాటకు మతం కోసం పోరాడే వీరుడని అర్థం. 1971 నవంబరు 14న అది కరాచీ వదిలి, మన దేశం కింది కొసను చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడం దాని పని. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. అది ఇంకా విశాఖ దగ్గరే ఉందని శత్రువు అనుకునేటట్టు మన వాళ్ళు రాజ్‌పుత్ అనే చిన్న నౌకతో సందేశాలు పంపించారు. డిసెంబరు 3, 4 తేదీల మధ్య అర్ధరాత్రి దాటిన తరువాత, విశాఖ రేవు బయట గాజీ పేలి మునిగిపోయింది. రాజ్‌పుత్ వదిలిన బాంబుల వల్లనే మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపల జరిగిన పేలుడు వల్లనో, అది పరచిన మందుపాతర వల్లనో మునిగిందని పాకిస్తాన్ చెబుతుంది. కారణం ఏదైనా, అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. వాళ్ళు ఈనాటికీ అక్కడే, ఒడ్డుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, నీటి అడుగున ఉన్నారు.

ఇదంతా విన్నాకనే ఆ పిల్లవాడు సమాధుల సంగతి అడిగాడు. నవంబరు 2న వాడు వాళ్ళ అవ్వతో కలిసి ప్రొద్దుటూరులో తాత సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి వచ్చినవాడు. చనిపోయిన ప్రతి మనిషికీ ఒక సమాధి, దాని మీద ఒక సిలువో ఒక పేరో ఉంటుందని వాడి నమ్మకం.

"సముద్రమే వాళ్ళ సమాధి నాయనా" అన్నాను.

"మరి క్యాండిల్ ఎవరు పెడతారు?"

నేను నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం పెదజాలారిపేట వైపు ఇసుకలో నడుస్తుంటే, బుట్ట ముందు పెట్టుకొని చేపలు అమ్ముతున్న ఒక ముసలమ్మ కనిపించింది. మా ఆడవాళ్ళు బేరం చేస్తూ మాటల్లో మాటగా, "సముద్రమంటే భయం లేదామ్మా మీకు?" అని అడిగారు. "మా పెద్దోడు సంద్రంలోనే ఉండిపోనాడమ్మా. ఒడ్డుకు రానేదు. రోజూ ఇక్కడికొచ్చి కూకుంటే ఆడి కాడ కూకున్నట్టే ఉంటాది" అన్నది. తరువాత మామూలుగా చేపల ధర చెప్పింది.

కరాచీలోనో లాహోరులోనో అటువంటి తల్లులు 90 మంది ఉండి ఉంటారు కదా అని నాకప్పుడు తోచింది. వాళ్ళకు ఈ ఒడ్డున కూర్చునే అవకాశం కూడా లేదు.

ఆ రాత్రి బసలో జపమాల అయ్యాక, మృతుల కోసం ఒక పరలోక జపం చెప్పేటప్పుడు ఆ పిల్లవాడు "నీళ్ళలో ఉన్నోళ్ళకు కూడా" అన్నాడు. పెద్దవాళ్ళలో చర్చ మొదలైంది. ఆ చర్చను ఉన్నది ఉన్నట్టు చెబుతాను, ఎందుకంటే అందులోని అభ్యంతరాలు తేలికగా తీసిపారేసేవి కావు.

మొదటి అభ్యంతరం ఒక ఉపాధ్యాయురాలిది. "వాళ్ళు మన దేశం చూడటానికి రాలేదు. విక్రాంత్‌లో వెయ్యికి పైగా మనుషులు ఉంటారు. వాళ్ళందరినీ ముంచడానికి వచ్చారు. అది జరిగి ఉంటే మన ఇండ్లలో ఏడుపులు. అటువంటి వాళ్ళ కోసం జపం చేస్తే మన వాళ్ళకు ద్రోహం చేసినట్టు కాదా?" అన్నది. ఆమె మాటల్లో నిజముంది. అదే యుద్ధంలో, గాజీ మునిగిన అయిదు రోజులకే, డిసెంబరు 9న, గుజరాత్ తీరంలో డయ్యూ దగ్గర మన ఖుక్రీ అనే యుద్ధనౌకను పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచివేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తాను బయటపడే ప్రయత్నం చేయకుండా నౌకతో పాటే మునిగిపోయాడు. వాళ్ళ మృతదేహాలూ తిరిగి రాలేదు.

రెండో అభ్యంతరం ఒక యువకుడిది. "వాళ్ళు మన విశ్వాసులు కారు. మన జపం వాళ్ళకెట్ల చెందుతుంది?"

మూడోవాడు పులివెందుల వైపు నుండి వచ్చిన ఒక మాజీ సైనికుడు. చాలాసేపు ఏమీ అనలేదు. అందరూ తన వైపు చూస్తుంటే చివరకు నోరు విప్పాడు.

"పగోళ్ళయినా యుద్ధంలో చచ్చిపోయినోళ్ళను మేమే పూడ్చిపెట్టినాం సార్. పేరు తెలిస్తే పేరు రాసినాం. అది రూలు. మన ఊర్లో అవతలి వర్గపోడు చచ్చిపోతే నేను చూడను గూడా పోలేదు. గాజీ సంగతి మనకెందుకు, ఈ సంగతి చెప్పండి."

ఆ గదిలో ఇక ఎవరూ మాట్లాడలేదు. మాలో ఒకే ఊరి నుండి వచ్చిన రెండు కుటుంబాలు ఉన్నాయి. రైలులో వాళ్ళు ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఒకరు లేచాకనే ఇంకొకరు కూర్చున్నారు. కారణం అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

మన ప్రాంతం గురించి మనకెవరూ చెప్పనక్కరలేదు. ముఠా కక్షల్లో ఎన్ని ఇండ్లు ఆరిపోయాయో, ఎంతమంది ఆడవాళ్ళు చిన్న వయసులోనే తాళి తెంచుకున్నారో మన కళ్ళతో చూశాం. ఇప్పుడు ఆ రోజులు చాలావరకు పోయాయని అంటున్నారు. దేవునికి స్తోత్రం. కానీ బాంబులు ఆగినంత మాత్రాన కక్ష ఆగినట్టు కాదు. అది పెండ్లి పిలుపుల్లో ఉంటుంది, బావి దగ్గర ఉంటుంది, గుడిలో ఎవరు ఏ వైపు కూర్చుంటారన్న దాంట్లో ఉంటుంది. ముఖ్యంగా చావు ఇంటి గడప దగ్గర ఉంటుంది.

నా సంగతి కూడా దాచను. 1990లలో నేను పెన్న ఒడ్డున ఒక ఊరిలో బడిపంతులుగా ఉన్నాను. నేను బాడుగకు ఉన్న వీధి ఒక వర్గానిది. నా దగ్గర అయిదో తరగతి దాకా చదివిన ఒక పిల్లవాడు పెద్దవాడై అవతలి వర్గం పెద్దకు జీపు నడిపేవాడు. మన విచారణ వాడే. నేనే వాడికి పరలోక జపం, మంగళవార్త జపం నేర్పినాను. ఒకరోజు జీపు మీద నాటుబాంబులు పడ్డాయి. ఎవరి కోసం వేశారో ఆ పెద్దమనిషి ఆ రోజు జీపులో లేడు. ఈ పిల్లవాడు పోయాడు. వాణ్ణి భూస్థాపన చేసిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. గంట మోగడం విన్నాను. వీధిలో నలుగురు ఏమంటారోనని, రేపు ఎవరు నిలదీస్తారోనని భయపడి తలుపు తీయలేదు. తరువాత వాడి భార్య ఎదురైన ప్రతిసారీ నేను పక్కకు తిరిగి పోయాను. ఇన్నేళ్ళలో వాడి ఆత్మ కోసం ఒక్క పూజ కూడా చెప్పించలేదు.

మాజీ సైనికుడి మాట నాకు సూటిగా తగిలింది. ఎక్కడి వాళ్ళో గాజీ నావికుల కోసం జపం చేద్దామా వద్దా అని నేను పెద్దరికంగా వాదిస్తున్నాను. నా బడిలో పలక పట్టుకున్న పిల్లవాడికి చేయవలసింది నేను చేయలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మనకు కీడు చేసినవాడు గాని, కీడు చేయడానికి వచ్చినవాడు గాని చనిపోతే, మనం అతనికి ఏమైనా రుణపడి ఉంటామా?

శ్రీసభ మనకు పద్నాలుగు దయాక్రియలు నేర్పింది. శరీర సంబంధమైన ఏడింటిలో చివరిది మృతులను పాతిపెట్టడం. ఆత్మ సంబంధమైన ఏడింటిలో చివరిది జీవించే వారి కోసం, మరణించిన వారి కోసం ప్రార్థించడం. మంచివాళ్ళను మాత్రమే పాతిపెట్టండి, మన వాళ్ళ కోసం మాత్రమే ప్రార్థించండి అని ఎక్కడా లేదు. తోబీతు రాజుకు కోపం వస్తుందని తెలిసి కూడా, ప్రాణానికి తెగించి వీధిలో పడి ఉన్న శవాలను పాతిపెట్టాడు. సౌలు రాజు దావీదును చంపడానికి కొండా కోనా వెతికినవాడు. ఆ సౌలు యుద్ధంలో చనిపోయాడని తెలిసినప్పుడు దావీదు సంబరం చేయలేదు. బట్టలు చింపుకొని ఏడ్చాడు. సౌలును పాతిపెట్టిన యాబేషు గిలాదు వాసులకు మనుషులను పంపి మరీ దీవెనలు చెప్పాడు.

మక్కబీయుల గ్రంథంలో ఇంకో సంగతి ఉంది. యుద్ధంలో పడిపోయిన తన సైనికుల వస్త్రాల కింద విగ్రహాల తాయెత్తులు ఉన్నట్టు యూదా మక్కబీయుడు చూశాడు. అంటే వాళ్ళు పాపంతో చనిపోయినవాళ్ళు. అతడు వాళ్ళను శపించి వదిలేయలేదు. రెండువేల వెండి నాణెములు పోగుచేసి, వాళ్ళ పాపపరిహార బలి కోసం యెరూషలేముకు పంపాడు. మనం ఉత్తరించు స్థలంలోని ఆత్మల కోసం పూజలు చెప్పించేటప్పుడు ఆధారంగా చూపేది ఈ ఘట్టాన్నే. మృతుల కోసం ప్రార్థించేది వాళ్ళు మంచివాళ్ళని నిర్ణయించుకున్నాక కాదని, వాళ్ళకు దేవుని కరుణ అవసరం గనుకనే ప్రార్థిస్తామని ఇక్కడ తెలుస్తుంది.

ఉపాధ్యాయురాలి అభ్యంతరానికి ఇదే జవాబు అనుకుంటాను. ఒక మనిషి కోసం జపం చేయడం అంటే అతను చేసింది సరైనదని ఒప్పుకోవడం కాదు. మన జిల్లాలో అందరికీ తెలిసిన కోర్టు భాషలోనే చెబుతాను. కింది కోర్టులో కేసు నడిచేటంత కాలం సాక్ష్యాలు, వాదనలు, శిక్షలు అన్నీ ఉంటాయి. ఆ కేసు పై కోర్టుకు పోయాక కింది కోర్టుకు దాని మీద అధికారం లేదు. మనిషి చనిపోవడం అంటే అతని కేసు దేవుని కోర్టుకు పోవడం. అక్కడ మనం జడ్జీలం కాము. మహా అయితే దయ చూపమని ఒక అర్జీ పెట్టుకోగలం. అర్జీ పెట్టినంత మాత్రాన నేరం జరగలేదని చెప్పినట్టు కాదు. రేపు మన కేసు కూడా అదే కోర్టుకు పోవలసిందే. అప్పుడు మన కోసం ఎవరో ఒకరు అర్జీ పెట్టాలని మనమూ ఆశిస్తాం.

యువకుడి ప్రశ్నకు జవాబు మన పూజలోనే ఉంది. దివ్యపూజలో గురువు విశ్వాసుల మృతులతో ఆపడు. ఎవరి విశ్వాసం దేవునికి మాత్రమే తెలుసో అటువంటి మృతులను కూడా జ్ఞాపకం చేసే ప్రార్థన ఉంది. వాళ్ళ హృదయాల్లో ఏముందో మనకు తెలియదని శ్రీసభే ఒప్పుకొని, తెలిసినవాడి చేతికి అప్పగిస్తున్నది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ సంగతి చాలా పెద్ద ప్రశ్న అయింది. రెండు పక్షాల సైన్యాల్లోనూ లక్షలాది కతోలికులు ఉన్నారు. ఇటు దేవాలయంలో పూజ విని, అటు దేవాలయంలో పూజ విన్నవాణ్ణి చంపారు. పాపుగారు పదిహేనవ బెనెడిక్టు ఎవరి పక్షమూ పట్టలేదని రెండు వైపులా నిందలు పడ్డారు. ఆయన 1915 ఆగస్టు 10న, సకల మృతుల దినాన ప్రతి గురువూ మూడు పూజలు చేయవచ్చునని అనుమతి ఇచ్చారు. వాటిలో ఒకటి మరణించిన విశ్వాసులందరి కోసం. ఇది ఫ్రెంచి వాళ్ళకు, ఇది జర్మన్లకు అని ఆయన పంచలేదు. నవంబరు 2న మన ఫాదర్‌గారు మూడు పూజలు చేయడానికి వీలు కలిగింది ఆ యుద్ధం నుండే. ఈసారి ఆ పూజకు వెళ్ళినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇంకో ఉదాహరణ. మనలో ఎవరమూ పోలేనంత దూరాన, భూగోళం పైకొసన నార్వే దేశపు ఉత్తర తీరం ఉంది. అక్కడ చలికాలంలో రెండు నెలలు సూర్యుడు పొడవడు. ఆ చీకట్లో 1943 డిసెంబరు 26న, అంటే క్రిస్మస్ మరునాడు, నార్త్ కేప్ అనే కొస దగ్గర బ్రిటిష్ వాళ్ళు షార్న్‌హార్స్ట్ అనే జర్మన్ యుద్ధనౌకను ముంచివేశారు. 1,968 మందిలో 36 మంది మాత్రమే బతికారు. గెలిచిన అడ్మిరల్ బ్రూస్ ఫ్రేజర్ ఆ రాత్రి తన అధికారులను పిలిచి, అటువంటి స్థితి మనకు వస్తే వాళ్ళలాగా ధైర్యంగా పోరాడాలని ఓడిన శత్రువును మెచ్చుకొని మాట్లాడాడు. అక్కడికి దగ్గరలోనే హోనింగ్స్‌వోగ్ అనే చిన్న పల్లె ఉంది. మరుసటి ఏడాది జర్మన్లు వెనుదిరిగి పోతూ ఆ పల్లెను తగలబెట్టారు. ఒక్క దేవాలయం మాత్రం మిగిలింది. తిరిగి వచ్చిన జనం ఇండ్లు కట్టుకునే దాకా ఆ దేవాలయంలోనే తలదాచుకున్నారు. తమ ఇండ్లు కాల్చిన దేశపు పిల్లలు దాదాపు రెండు వేల మంది తమ సముద్రంలోనే పడి ఉన్నారని తెలిసి బతకడం ఎట్లా ఉంటుందో, కక్షల ప్రాంతంలో ఉన్న మనం ఊహించుకోగలం.

విశాఖలో కూడా అంతకుముందు ఒక యుద్ధం జరిగింది. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోయి నౌకలు అక్కడ లంగరు వేసి ఉన్న సెంచూరియన్ అనే ఇంగ్లీషు నౌక మీద దాడి చేశాయి. ఈనాడు విశాఖలో ఫ్రెంచి వాళ్ళ మీద పగ ఉన్నవాడు ఒక్కడైనా ఉంటాడా? ఆ కక్ష ఎవరూ తీర్చకుండానే చచ్చిపోయింది. మన కక్షలు కూడా ఏదో ఒకనాడు అట్లాగే చచ్చిపోతాయి. అంతదాకా మనం వాటిని మోస్తూ ఉండాలా, లేక బతికి ఉండగానే దించుకోవాలా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే తప్పు అవుతుంది. దేశాన్ని కాపాడటానికి చేసే యుద్ధమూ, ముఠా కక్షా ఒకటి కావు. సైనికుడికి చట్టం ఉంది, ఆజ్ఞ ఉంది, పోరాటానికి హద్దు ఉంది. తన ప్రజలను కాపాడుకునే హక్కు దేశానికి ఉందని శ్రీసభ ఒప్పుకుంటుంది. కక్షకు అటువంటి న్యాయం ఏదీ లేదు, అది పాపమే. మృతుల కోసం జపం చేస్తున్నాం గనుక బతికి ఉన్న నేరస్థుణ్ణి వదిలేయాలని కూడా కాదు. సాక్ష్యం చెప్పవలసినవాడు సాక్ష్యం చెప్పాలి. పెద్దమనుషులు కూర్చుని, డబ్బు లెక్కకట్టి, విధవరాలి చేత వేలిముద్ర వేయించే రాజీని క్షమాపణ అనకూడదు.

కానీ ఒక విషయంలో ఆ జలాంతర్గామికీ ఆ జీపుకూ పోలిక కనిపించింది. రెండింటిలోనూ చనిపోయినవాళ్ళు పోరు మొదలుపెట్టినవాళ్ళు కారు. యుద్ధం ఎందుకో నిర్ణయించినవాళ్ళు ఇస్లామాబాదులో ఉన్నారు. చనిపోయినవాళ్ళు ఇనుప గొట్టంలో అరల మీద పడుకున్న జీతగాళ్ళు. కక్ష నడిపేవాళ్ళు మేడల్లో ఉంటారు. పోయేది జీపు నడిపేవాడు, వెంట తిరిగేవాడు, కూలికి బాంబులు చుట్టేవాడు. ఆ నౌకకు ముందు పిశాచి అని పేరు పెట్టారు, తరువాత మతవీరుడని పేరు పెట్టారు. రెండుసార్లూ లోపల ఉన్నది తల్లులు కన్న పిల్లలే.

గాజీ శకలాలు ఉన్న చోటును మన నౌకాదళం కొత్త పరికరంతో గుర్తించిందని, చనిపోయినవారి పట్ల గౌరవంతో వాటిని ముట్టుకోకుండా వదిలేసిందని 2024 ఫిబ్రవరిలో పత్రికల్లో వచ్చింది. ఒడ్డున మన విజయానికి స్మారకం ఉంది. అది ఉండవలసిందే, మన వాళ్ళు ప్రాణాలకు తెగించి కాపాడిన నగరమది. దానికి ఎదురుగా నీళ్ళలో శత్రువుల సమాధిని చెక్కుచెదరకుండా ఉంచారు. రెండూ ఒకేచోట ఉండవచ్చునని నౌకాదళం మనకు చూపించింది.

డిసెంబరు 8న రాస్ హిల్ ఎక్కాం. దేవాలయం ముందు నుండి చూస్తే కిందనే రేవులోకి నౌకలు వచ్చే కాలువ, దాని అవతల సముద్రం. పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరుని గుడి. జనం కిక్కిరిసి ఉన్నారు. పూజ అయ్యాక మేము ఒక పక్కన నిలబడి సముద్రం వైపు తిరిగి జపమాల చెప్పాం. చివరలో ఖుక్రీ వారి కోసం ఒక పరలోక జపం, గాజీ వారి కోసం ఒక పరలోక జపం చెప్పాం. ఉపాధ్యాయురాలు కూడా గొంతు కలిపింది. పిల్లవాడు తెచ్చుకున్న కొవ్వొత్తి గాలికి నిలవలేదు. మూడుసార్లు వెలిగించి, చివరకు దేవమాత స్వరూపం దగ్గర పెట్టి వచ్చాడు.

ఆ రెండు కుటుంబాల వాళ్ళు ఆ రోజు మాట్లాడుకున్నారా అని మీరు అడుగుతారు. మాట్లాడుకోలేదు. తిరుగు ప్రయాణంలో ఒక ఇంటి ముసలాయన కింది బెర్తు రెండో ఇంటి ముసలమ్మకు వదిలి, తాను పైకి ఎక్కాడు. ఆమె వద్దనలేదు. నేను చూసింది అంతే.

ఇక నా సంగతి. కొండ మీద జపం చేయడం సులభం. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. గాజీ వాళ్ళు నన్ను ఏమీ చేయలేదు, నేను వాళ్ళను ఏమీ చేయలేదు. మా విచారణకు తిరిగి వచ్చాక, ఆదివారం పూజకు మృతుల పేర్లు రాసి ఇచ్చే చీటీ తీసుకున్నాను. మా నాయన పేరు, మా అమ్మ పేరు రాసి, దాని కింద నా శిష్యుడి పేరు రాశాను. రాయడానికి చేయి ఆడలేదంటే నమ్మండి. ఉపదేశిగారు చీటీ చూసి, నా ముఖం చూసి, ఏమీ అనకుండా తీసుకున్నారు. పూజలో ఆ పేరు చదివినప్పుడు ఆడవాళ్ళ వైపు కొందరు తలెత్తారు.

పూజ అయ్యాక వాడి భార్య గుడి బయట నా కోసం నిలబడి ఉంది. ఇప్పుడు ఆమె తల నెరిసింది. "పూజకు ఎంత కట్టినావు సార్?" అని అడిగింది. చెప్పాను. చీర కొంగు ముడి విప్పి, అందులో సగం లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. వద్దనబోయాను. "సగం నాది" అన్నది. తీసుకున్నాను. నేను చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి గానీ, ఆ రోజు ఒక్కటే చెప్పగలిగాను: "ఆ రోజు నేను రావలసింది తల్లీ." ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

ప్రియ పాఠకులారా, మీరు గండికోటకు పోయినప్పుడు గానీ, విశాఖ బీచికి పోయినప్పుడు గానీ ఫొటోలు దిగండి, పిల్లలను ఆడుకోనివ్వండి. తప్పేమీ లేదు. 1650లో మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నప్పుడు కోట లోపల పోయినవాళ్ళూ ఉన్నారు, బయట పోయినవాళ్ళూ ఉన్నారు. అటువంటి చోట ఒక్క నిమిషం ఆగి, ఎవరి పక్షమని అడగకుండా, ఆ ఆత్మలకు నిత్యవిశ్రాంతి ఇవ్వమని ప్రభువును వేడుకోండి. సిలువ మీద వేలాడుతూ తనకు మేకులు కొట్టినవారి కోసం తండ్రిని వేడుకున్న ప్రభువు మనవాడు.

ఆ తరువాత ఇంటికి వచ్చి, మీ విచారణలో మృతుల పేర్ల చీటీ రాసేటప్పుడు, మీ వాళ్ళ పేర్ల కింద ఒక్క గీత ఖాళీగా ఉంచండి. ఆ గీత మీద ఎవరి పేరు రాయాలో మీకు తెలుసు.